కదిలే బరువు

సుబ్బారాయుడుగారు మంచి మనిషే. బతికినన్నాళ్ళూ ఒకరి జోలికి పోలేదు, ఒకరితో మాట పడలేదు. పోయేటప్పుడు మంచి నక్షత్రం చూసుకోవడం మాత్రం ఆయన చేతిలో లేకపోయింది. ధనిష్ఠలో పోయారు.

కర్మకాండ పూర్తయిన సాయంత్రం పురోహితుడు పంచాంగం మూసి, చెప్పాల్సింది చెప్పేశాడు. "ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలమ్మా. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు. గుమ్మానికి కంప కొట్టి వెళ్ళిపోండి. కాదని ఉంటే అరిష్టం. నేను చెప్పడం కాదు, శాస్త్రం చెబుతోంది."

భర్తను పోగొట్టుకున్న కామాక్షమ్మ తలూపింది. కొడుకు ప్రభాకరం తలూపాడు. కోడలు హైమవతి మాత్రం తలూపలేదు. నక్షత్రాల మీద ఆమెకు నమ్మకం ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఆమె భయం వేరు. ఆ ఇల్లు కట్టింది ఆమె కనిపెట్టిన సరుకుతో. మనుషులు తిరగకపోతే ఆ ఇల్లు బతకదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. భీమవరంలో కట్టి చూడు అని ఉంటే ఇంకా బాగుండేది. అక్కడి నేల నల్లటి బంకమట్టి. కొంచెం తవ్వితే చాలు, నీళ్ళు ఊరతాయి. మోయలేని బరువు పెడితే ఏడాదికింత చొప్పున మింగుతుంది. అందుకే ఆ ఊళ్ళో ఇల్లెంత తేలికగా ఉంటే యజమానికి అంత నిద్ర. ఇంజనీరింగ్ కాలేజీలో నిర్మాణ సామగ్రి పాఠం చెప్పే డాక్టర్ హైమవతి, పదేళ్ళపాటు ఆ తేలిక కోసమే తిరిగింది. చివరికది ఆమెకు రొయ్యల పొట్టులో దొరికింది.

ఊరి చుట్టూ చెరువులే కాబట్టి రొయ్యల పొట్టు కొండల్లా పడి ఉంటుంది. దాన్ని తిని సున్నం కక్కే ఒక సూక్ష్మజీవిని ఆమె పెంచి కాంక్రీటులో కలిపింది. బరువు పడినప్పుడు కాంక్రీటులో పుట్టే చిన్న ఒత్తిడి ఆ జీవికి కబురు. కబురందిన చోటికి సున్నం మోసుకొచ్చి పేరుస్తుంది. కబురు రాని చోట ఉన్న సున్నాన్ని తవ్వి పట్టుకుపోతుంది. మన ఎముకలు చేసే పని కూడా అదే. బస్తాలు మోసేవాడి వెన్ను గట్టిపడుతుంది, మంచం పట్టినవాడి ఎముక గుల్లబారుతుంది. అలా అక్కర్లేని చోట తగ్గి, అక్కరున్న చోట పెరిగిన స్లాబు మామూలు స్లాబులో సగం బరువు కూడా ఉండదు. ఊళ్ళో దాన్ని 'రొయ్యల సిమెంటు' అని వెక్కిరించారు గానీ, ఒక పెద్ద కంపెనీ వెక్కిరించలేదు. ఒక ఇల్లు కట్టి ఏడాది చూపించండి, నిలబడితే ఊరి బయట కాలనీ మొత్తం దీనితోనే కడతామంది.

కంపెనీవాళ్ళు ప్రయోగశాలకు వచ్చినరోజు ఆమె రెండు దూలాలు చూపించింది. ఒకదాని మీద చిన్న ఇనపచక్రం అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. ఆ దూలం నడుము ఉబ్బి, రాయిలా ఉంది. రెండోదాని మీద ఇసుక బస్తాలు పేర్చి కదలకుండా వదిలేశారు. బస్తాల బరువే చక్రం బరువుకంటే ఎక్కువ. అయినా ఆ దూలం వెలవెలబోయి ఉంది. హైమవతి గోరుతో గీస్తే పిండి రాలింది.

"ఇదేంటండీ, బరువుంది కదా?" అన్నాడు వాళ్ళలో ఒక ముసలి ఇంజనీరు.

"చచ్చిన బరువు సార్. కదలదు. మొదట్లో ఒకసారి కబురు పంపి ఊరుకుంటుంది. దీనికి కదిలే బరువు కావాలి. మనిషి నడవాలి, కూర్చోవాలి, లేవాలి."

"అయితే ఇల్లు ఖాళీగా ఉంటేనో?"

హైమవతి నవ్వింది. "అప్పోసప్పో చేసి ఇల్లు కట్టుకున్నవాడు ఇంట్లో ఉండక ఎక్కడికి పోతాడు సార్?"

అందరూ నవ్వారు. రిపోర్టులో ఆ గుణానికి 'స్వయం పొదుపు' అని ముద్దుపేరు పెట్టారు. ముసలాయన నవ్వాడో లేదో ఎవరూ చూడలేదు. ఇల్లు పాడుపెట్టే ఆచారం ఉన్న కులంలో పుట్టి, ఆ కులంలోకే కోడలిగా వచ్చి, చిన్నప్పుడు తాతగారింటి గుమ్మానికి కంప కొట్టడం కళ్ళారా చూసిన మనిషి ఆ మాట అంది. చదువు ఎక్కువైతే అంతే. బయటి దేశాల వానలు, భూకంపాలు అన్నీ లెక్కలోకి వస్తాయి, పుట్టింటి పంచాంగం రాదు.

ఏడాది పరీక్షకు కట్టిన ఆ ఇల్లు వాళ్ళదే. సిమెంటు, ఇనుము కొట్టు ఉన్న ప్రభాకరం జిల్లా మొత్తానికి ఏజెన్సీ తనకే వస్తుందని ఆశపడి తన స్థలంలోనే కట్టించాడు. కింద స్తంభాలు, బండ్లు పెట్టుకోవడానికి ఖాళీ. పైన హాలు, గదులు, చివర్న పనివాళ్ళ కోసం వెనక గది. దానికి మెట్లు వేరు, గుమ్మం వేరు.

"ఏవండీ, ఎలాగైనా ఆపండి. ఇల్లు ఖాళీ చేస్తే స్లాబు పాడవుతుంది," అంది హైమవతి గదిలోకి వచ్చి.

"ఆరు నెలలకే పాడయ్యే స్లాబని కంపెనీకి చెప్పమంటావా? మా అమ్మకి చెప్పమంటావా?"

ఆ రెండూ చెప్పలేని మాటలే. ఖాళీ పెడితే కూలుతుందని ఒక్కసారి బయటపడితే ఆ సరుకును కొనేవాడుండడు. పదేళ్ళ చదువు రొయ్యల పొట్టు కుప్పలోకే పోతుంది. యంత్రం పెట్టి స్లాబుని కుదుపుదామన్నా, కంప కొట్టిన ఇంట్లో పగలూ రాత్రీ మోత ఏంటని వీధంతా అడుగుతుంది. చివరికి హైమవతే దారి కనిపెట్టింది.

"అత్తయ్యా, ఇంటినిండా కొత్త సామాను. కాపలాకి ఎవర్నైనా పెడదామండీ."

"పాడుపెట్టిన ఇంట్లో ఎవరుంటారే?"

"శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలివాళ్ళున్నారు. కాలువగట్టున టార్పాలిన్ పట్టా కింద పడుకుంటున్నారు."

కామాక్షమ్మ పురోహితుణ్ణి అడిగింది. ఆయన కాసేపు వేళ్ళు లెక్కపెట్టి, వెనక గదికి గుమ్మం వేరు కాబట్టి అది ఇంటి లెక్కలోకి రాదనీ, దోషం ఇంటివాళ్ళకే గానీ ఉండేవాళ్ళకు పట్టదనీ తేల్చాడు. శాస్త్రం ఎంత గట్టిదో, అవసరానికి అంత మెత్తనిది కూడా.

అలా గురువులు అనే కూలివాడు, అతని పెళ్ళాం ఆదెమ్మ, వాళ్ళ ఏడేళ్ళ కూతురు నూకాలు ఆ గదిలోకి వచ్చారు. ఆదెమ్మ గచ్చుని చేత్తో తడిమి చూసి ఏడ్చినంత పని చేసింది.

"దోసం గీసం మాకేటండి అమ్మగోరూ. వోన పడకుండా నెత్తిమీద సూరుంటే అదే మాకు పండగ."

"హాలు కూడా తెరిచి ఉంచితే గాలి ఆడుతుంది కదండీ అత్తయ్యా," అని హైమవతి నసిగింది. కామాక్షమ్మ వినలేదు. దేవుడి గది పక్కన వాళ్ళు తిరగడమేంటని హాలుకీ గదులకీ తాళాలు వేసింది. గుమ్మానికి తుమ్మకంప కట్టారు. కుటుంబమంతా తాడేరు రోడ్డులో అద్దెకు పోయింది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషులు లోకంలో చాలామంది ఉన్నారు. ఆ ఇల్లు లెక్కపెట్టలేదు, తనను తానే తినడం మొదలుపెట్టింది.

గడువుకింకా నెలన్నర ఉందనగా పురోహితుడు తిరిగి ప్రవేశించడానికి ముహూర్తం పెట్టాడు. అది దాదాపు కంపెనీ చెప్పిన ఏడాదికి సరిపోయింది. "రెండూ ఒక్కరోజే చేసేద్దాం. శాంతి హోమం, భోజనాలు, కంపెనీవాళ్ళు, మనవాళ్ళు. నూటయాభై మందిని పిలుస్తున్నా," అన్నాడు ప్రభాకరం.

మర్నాడు హైమవతి దొంగలా తన ఇంటికి తానే వెళ్ళింది. గోడలోకి శబ్దం పంపి లోపల ఎంత గట్టిగా ఉందో చెప్పే చిన్న పెట్టె ఆమె దగ్గరుంది. వెనక గదిలో నేలకి ఆనిస్తే అంకె పైకి లేచింది. ముగ్గురు మనుషులు తిని, పడుకుని, పోట్లాడుకుని, నవ్వుకున్న నేల అది. ప్రయోగశాలలో కూడా ఆమె అంత గట్టి ముక్క చూడలేదు. లోపలి తలుపు తాళం తీసి హాలు అంచున ఆనించింది. అంకె లేవలేదు. పరికరం పాడైందేమోనని మళ్ళీ చూసింది. పాడైంది పరికరం కాదు. హాల్లోకి అడుగు పెట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

నూటయాభై మంది మాట అలా ఉంచండి, నలుగురు గట్టిగా నడిస్తే ఆ స్లాబు ఆగదు. గట్టిపడాలంటే మళ్ళీ మనుషులే తిరగాలి. తిరగాలంటే అది గట్టిగా ఉండాలి. హైమవతి గోడకి ఆనుకుని ఆలోచించింది. దీనికి ఆమె చెప్పే పాఠంలోనే జవాబుంది. అనుమానమున్న కట్టడం మీద బరువు పెట్టాలంటే తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

ఆ ఇంట్లో అన్నిటికంటే తక్కువ బరువేదో తెలుసుకోవడానికి తూకం అక్కర్లేదు. అయినా ఆమె భర్త కొట్లోంచి కాటా తెప్పించింది. నూకాలు దాని మీద నిలబడి కిలకిలా నవ్వింది. పద్దెనిమిది కిలోలు.

"ఆదెమ్మా, పిల్ల రోజంతా ఆ గదిలో ఉండి ఏం చేస్తుంది పాపం. హాల్లో ఆడుకోనీ. మీరిద్దరూ మాత్రం నేను చెప్పేదాకా అందులోకి రావద్దు. మా అత్తగారికి తెలిస్తే ఊరుకోదు."

ఆదెమ్మ చేతులెత్తి మొక్కింది. "మీ కడుపు సల్లగుండ అమ్మగోరూ! ఒలే నూకాలూ, అమ్మగోరు నిన్ను పెద్దింట్లో ఆడుకోమంతన్నారే!"

ఆ మాట హైమవతికి చెంపమీద కొట్టినట్టు తగిలింది. తగిలిందని పని ఆపలేదు.

నూకాలు హాలు చూసి ముందు బెదిరింది. అంత ఖాళీ స్థలం గోడల మధ్య ఉండటం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. తర్వాత ఒక కాలు వేసింది, రెండో కాలు వేసింది, ఇక ఆగలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగు. హైమవతి కిందికి వెళ్ళి స్లాబు అడుగున బీటలు వస్తున్నాయేమో చూసింది. సరిగ్గా హాలు కింద మాత్రం నిలబడలేదు, ప్రహరీ దగ్గర నిలబడి మెడ చాచి చూసింది. పైన చిన్న పాదాల చప్పుడు ఒకచోట ఆగినప్పుడల్లా ఆమె గుండె ఆగింది. మళ్ళీ మొదలైతే ఊపిరి తీసుకుంది. స్లాబు అంచున సన్నటి గీత ఒకటి కనిపించింది. పిల్లను పిలిచేయాలని నోటిదాకా వచ్చింది. పిలవలేదు.

మూడోరోజుకి ఆ గీత పూడిపోయింది. లోపలి జీవులకు కబురు అందింది.

తర్వాత ఆదెమ్మను నడవమంది, ఆ తర్వాత గురువుల్ని. అది కూడా బాగుందన్నాక మిగతా గదుల తాళాలు కూడా తీసి, ముగ్గుర్నీ పగలు వాటిలో తిరగమంది, రాత్రి హాల్లోనే పడుకోమంది. వెనక గదికి తాళం వేయించింది. నిద్రలో దొర్లడం కూడా కదిలే బరువే కదా. ఏమీ అర్థంకాని గురువులు, "సదువుకున్నోళ్ళ మనసు దొడ్డదే. మనల్ని సొంతోళ్ళలా సూస్తన్నారు," అన్నాడు పెళ్ళాంతో. హైమవతి రోజూ వచ్చి హాలు నేలకి పెట్టె ఆనించేది. అంకె రోజురోజుకీ లేచేది. వచ్చినప్పుడల్లా నూకాలుకి బిస్కెట్లు తెచ్చేది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని హాలంతా తిప్పి తన గంతులు చూపించేది. హైమవతికి పిల్లలు లేరు. పిల్లంటే ఆమెకు నిజంగానే ఇష్టం కలిగింది. ఇష్టపడుతూనే తొక్కించింది. రెండూ ఒక మనసులోనే ఎలా పట్టాయంటే, మనసు కూడా ఆ స్లాబులాంటిదే, ఎటు తిరిగితే అటు గట్టిపడుతుంది.

ముహూర్తానికి ముందురోజు తట్టి చూస్తే హాలు నేల ఖంగుమని మోగింది. పెట్టెలో అంకె ఆమె ఆశించినదాన్ని దాటిపోయింది. హైమవతి అక్కడే కూలబడి ఏడ్చింది. పిల్లకేమీ కాలేదు, ఇల్లు నిలబడింది, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. నూకాలు వచ్చి కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది.

ఆ రోజు ఆమె ఇల్లంతా కొలిచింది. హాలు, పడకగదులు, దేవుడి గది. బంధువులు తిరిగే ప్రతి చోటూ కొలిచింది. వెనక గది కొలవలేదు. అక్కడికి తనవాళ్ళెవరూ వెళ్ళరు.

కంప తీశారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. హోమం పొగ, పట్టుచీరల గరగర, పిల్లల అల్లరి. హాలు నిండిపోయింది. కంపెనీ పెద్దాయన నేలమీద మడమతో తట్టి చూసి, "అద్భుతమండీ," అన్నాడు. ప్రభాకరం కాళ్ళు నేల మీద నిలవలేదు. హైమవతి ఒట్టి కాళ్ళతో హాలంతా తిరిగింది. ఎక్కడా వణుకు లేదు.

వంటవాళ్ళు నీళ్ళ డ్రమ్ములు, గ్యాస్ బండలు, బియ్యం బస్తాలు వెనక మెట్ల మీదుగా తెచ్చి వెనక గదిలో పెట్టారు. పెద్దవాళ్ళ పంక్తి అవుతుండగానే పనివాళ్ళకు అక్కడే విస్తళ్ళు వేశారు. ఆదెమ్మ వాళ్ళకు వడ్డిస్తోంది. గురువులు వీధిలో కార్లు నిలబెట్టిస్తున్నాడు.

నూకాలు కొత్త గౌనుతో హాల్లోకి పరుగెత్తుకొచ్చింది. రోజూ ఆడుకునే చోటే కదా అనుకుంది. సోఫాల మధ్యనుంచి దూరి, పంక్తిలో కూర్చున్న ఒకాయన విస్తరి పక్కనుంచి గెంతింది.

"ఎవర్దే ఈ పిల్ల?" అంది కామాక్షమ్మ కళ్ళు ఉరిమి.

హైమవతి గబగబా వెళ్ళి నూకాలు చెయ్యి పట్టుకుంది. "ఇవాళ ఇక్కడ గెంతకూడదమ్మా. మీ అమ్మ దగ్గర కూర్చుని అన్నం తిను. రేపు ఆడుకుందువుగాని."

"రేపు రమ్మంతారా?"

"రమ్మంటాను."

పిల్లను వెనక గదికి తీసుకెళ్ళి, గోడపక్కన విస్తరి ముందు కూర్చోబెట్టింది. స్వయంగా రెండు బూరెలు వేసింది. తిరిగి హాల్లోకి వచ్చి కంపెనీ పెద్దాయనకు మంచినీళ్ళిచ్చింది.

ఆయన గ్లాసు అందుకుంటుండగా వెనకనుంచి పెద్ద చప్పుడు వచ్చింది. వంటపాత్రలు పడ్డాయనుకున్నారు అందరూ. హైమవతి ఒక్కతే అనుకోలేదు. ఆ చప్పుడు వినగానే ఆమెకు లెక్కంతా ఒక్కసారి తెలిసింది. హాలుకి ఇన్నాళ్ళూ వచ్చి చేరిన సున్నం ఆకాశంలోంచి ఊడిపడలేదు. హాల్లో ముగ్గురూ పడుకున్న నెలరోజులూ, తాళం వేసిన వెనక గదికి కబురు లేదు. అక్కడ ఉన్నదంతా తవ్వి తెచ్చి ఇక్కడ పేర్చింది ఆ జీవి. దాన్ని ఆమె అలాగే పెంచింది.

వెనక గుమ్మం తెరిస్తే గది లేదు. వెలుతురు ఉంది, దుమ్ము ఉంది. ముగ్గురు వంటవాళ్ళకు, ఆదెమ్మకు కాళ్ళు విరిగాయి. నూకాలు మీద డ్రమ్ము పడింది.

హాల్లో ఒక్క గ్లాసు కూడా కదల్లేదు.

విచారణకు వచ్చినవాళ్ళు, చిన్న గదిలో అన్ని డ్రమ్ములు, బండలు పెట్టడం వంటవాళ్ళ తప్పని తేల్చారు. కంపెనీ పెద్దాయన సంతాపం చెప్పి, హాలు కొలతలు పట్టుకెళ్ళాడు. ఇంటి భాగం చెక్కుచెదరలేదు కాబట్టి పరీక్ష నెగ్గినట్టే అన్నాడు. కాలనీ పని మొదలైంది. ప్రభాకరానికి ఏజెన్సీ వచ్చింది. "గండం మన గుమ్మం దాటి లోపలికి రాలేదు, అంతవరకూ నయం. పురోహితుడు ముందే చెప్పాడు కదా, ఆ గది మన లెక్కలోకి రాదని," అంది కామాక్షమ్మ, దేవుడి గదిలో దీపం పెడుతూ. అసలు సంగతి హైమవతికి తెలుసు. నిజం చెబితే కాలనీ ఆగుతుంది. ఆమె చెప్పలేదు. చెప్పకపోవడం ఎంత నీచమో ఆమెకు పూర్తిగా తెలుసు. తెలిసి కూడా అన్నం తింది, పాఠాలు చెప్పింది.

ఆదెమ్మను ఆసుపత్రినుంచి ఇంటికి పంపేరోజు గురువులు వచ్చాడు. ఊరికి పోతున్నామని చెప్పడానికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల దగ్గరే నిలబడి, తువ్వాలు చేతుల్లో నలిపాడు.

"అమ్మగోరూ, నానొకటి అడగనా?"

"అడుగు గురువులూ."

"నాకు సదువు నేదు. తెలీకే అడుగుతన్నాను. నెల దినాలు మా పిల్ల మీ హాల్లో గెంతింది. ఆ సివరనుంచి ఈ సివరకి పరిగెట్టింది. అప్పుడు పడనేదు. మా గదిలో బుద్ధిగా కూకుని అన్నం తింతంటే పడిపోనాదేటమ్మా?"

అతని గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. జవాబు చెప్పగల మనిషి లోకంలో ఒక్కతే ఉంది, ఆమెనే అడిగాడు. హైమవతి అతని మొహంలోకి చూడలేకపోయింది. చూపు దించుకుంటే కింద నేల కనిపించింది.

"ఇక్కడ నేల మంచిది కాదు గురువులూ," అంది.

అతను తలూపాడు. భీమవరం నేల మంచిది కాదని ఆ ఊళ్ళో అందరూ అనేదే. "అదే అయ్యుంతాదమ్మా," అని చెప్పి, ఆమెకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.